అన్నిటికీ మోగే యంత్రం

ఆదోని,
ఏప్రిల్ 8, 2025

ఒరే సామ్సన్,

నీ సంతాప ఉత్తరానికి ఐదు నెలలుగా జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది. రంజాన్ గడిచింది. తెల్లవారుజామున లేపే మనిషి లేక రెండు రోజులు ఏమీ తినకుండానే ఉపవాసం ఉన్నాను. మిల్లుకు పోతున్నాను, వస్తున్నాను. మహజబీన్ తప్ప ఇంట్లో అన్నీ ఉన్నాయి.

ఒక పని పడి రాస్తున్నాను. ఫోన్‌లో నాకు మాట రాదని హాస్టల్ రోజులనుంచీ నీకు తెలుసు. విశాఖలో పోర్టు డ్యూటీ దిగాక బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతానని, జనం పోగొట్టుకున్న ఉంగరాలు వెతికి ఇస్తానని మునుపు రాశావు. అలాంటిది నాకొకటి కావాలి. ఏది కొనాలో చెప్పు. జిన్నింగ్ మిల్లులో పత్తినుంచి ఇనుపముక్కలు లాగే అయస్కాంతాలు నాకు తెలుసు. ఇనుపముక్క లోపలికి పోతే నిప్పురవ్వ లేచి మిల్లంతా తగలబడుతుంది కాబట్టి వాటిని చంటిపిల్లల్లా చూసుకుంటాం. బంగారం వెతికే యంత్రాల గురించి మాత్రం ఏమీ తెలియదు.

వెతకవలసిన చోటు తుంగభద్ర. ఎమ్మిగనూరు దాటాక నాగలదిన్నె దగ్గర ఒడ్డు. ఇప్పుడు ఎండాకాలం, చాలాచోట్ల ఇసుకే. నీళ్లున్నచోట మోకాలి లోతు. వెతకవలసిన వస్తువు మహజబీన్ లచ్ఛా. నల్లపూసలు, బంగారు గుండ్లు కలిపి గుచ్చిన దండ, మా పెళ్లికి నేను కట్టింది. సఫర్ నెల చివరి బుధవారం మావాళ్లు ఊరు దాటిపోయి పచ్చగడ్డి తొక్కి వస్తారు. 2023లో ఆమె ఎమ్మిగనూరులో ఉన్న తమ్ముడు ఖాజా కుటుంబంతో నది ఒడ్డుకు పోయింది. కొత్త పత్తి దిగే రోజులని నేను పోలేదు. సాయంత్రం వచ్చి, లచ్ఛా నీళ్లలో జారిపోయిందని చెప్పింది.

అంతే. త్వరగా రాయి.

నీ
యూసుఫ్


ఆదోని,
ఏప్రిల్ 21

సామ్సన్,

నీ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. అర్థమైనంత తిరిగి రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

యంత్రాలు రెండు రకాలు. ఒకటి, కింద ఉన్న లోహం ఏమిటో అంకెల్లో చూపేది. ఇనుము వద్దని చెబితే ఇనుముకు పలకదు. రెండోది, ఉప్పునీళ్లనూ నల్ల ఇసుకనూ లెక్కచేయకుండా లోతుకు పోయేది. దానికి మంచీ చెడ్డా తెలియదు, మేకుకూ ఉంగరానికీ ఒకేలా మోగుతుంది. నేలమీద తిప్పే కింది తీగచుట్టు మాత్రమే తడవొచ్చని రాసి ఉన్నవాటిని నీళ్లకు కొనకూడదు, పై డబ్బా కూడా మునిగి బతకాలి. చిన్న వస్తువుకు చిన్న చుట్టు. చెవులకు పెట్టుకునేది కూడా నీళ్లకు ఓర్చాలి. ఇసుక తోడడానికి చిల్లుల గరిట. గొలుసు ఉంగరమంత తేలిగ్గా దొరకదు, ఒక్కొక్క లింకూ యంత్రానికి విడిగా కనిపిస్తుంది, గుచ్చిన గుండ్లయితే మరీ కష్టం. ఈ చివరి మాట నేను నొచ్చుకోకుండా రాయాలని నువ్వు కొట్టేసి మళ్లీ రాసినట్టుంది. చూశాను.

నదిలో నల్ల ఇసుక ఉంటుంది కాబట్టి రెండో రకమే మేలన్నావు. రెండూ నీ దగ్గర ఉన్నాయి, కొనొద్దు, కావలసినది బస్సు పార్సిల్లో పంపుతానన్నావు. నాకు మొదటిదే పంపు. మేకులూ సీసా మూతలూ తవ్వుతూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఒక్క వస్తువు సంగతి తేలితే చాలు.

చివర్లో ఒకటి అడిగావు: “పెళ్లాం గుర్తుగా కావాలంటే అర్థమైతాది. కానీ నీ ఉత్తరంలో ఇంకేందో వాసనొస్తాంది. ఏందిరా?”

ఉంది. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అది నదిలో ఉందని నేను నమ్మడం లేదు. లేదని తేల్చుకోవడానికి వెతకాలనుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఆమె చెప్పినప్పుడు నేను “అట్లనా” అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మెడలోంచి దండ జారితే తెలియకుండా ఉంటుందా అని లోపల అనుకున్నాను. రెండు నెలల్లో ఖాజా ఇంటిమీద గది లేపాడు. స్లాబు కూడా పడింది. వెల్డింగ్ షాపులో కూలికి పోయేవాడు. దండ పోయిన మరుసటి నెలనుంచే మహజబీన్ ప్రతి బుధవారం మిల్లులో నా గదికొచ్చి అన్నం క్యారియర్ ఇచ్చి, అటునుంచి అటే ఎమ్మిగనూరు బస్సెక్కేది. సాయంత్రం వచ్చాక గడప దగ్గర విప్పిన చెప్పుల్లో ఇసుక ఉండేది. ఖాజా ఇల్లు సందులో, చుట్టూ బండపరుపు. ఆ వీధిలో ఇసుక ఉండే చోటు ఒక్కటే, ఇల్లు కట్టే చోటు. తమ్ముడి గది ఎంత లేచిందో వారం వారం చూసుకుని వస్తోందని లెక్క వేసుకున్నాను. ఆ గది నా లచ్ఛాతో లేచిందని తీర్మానించుకున్నాను.

అడగలేదు. ఆమె ఇచ్చి ఉంటే ఇచ్చానని చెప్పనీ అనుకున్నాను. నా ముఖం చూసి ఆమెకు తెలిసే ఉంటుంది. జనవరి తర్వాత ఎమ్మిగనూరు పోవడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు. నిరుడు నవంబరులో మూడు వారాల జ్వరంతో పోయింది. చివరి రోజుల్లో రెండుసార్లు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగింది. ఏమిటని అప్పుడూ అడగలేదు. ఒప్పుకుంటుందేమోనని భయపడ్డాను.

ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి నాతో ఒక్కసారి అబద్ధమాడిందా లేదా. ఇది తేలకుండా నేను ఏడవలేకపోతున్నాను. యంత్రం పంపు.

యూసుఫ్


ఆదోని,
మే 5

సామ్సన్,

యంత్రం చేరింది. నువ్వు చెప్పినట్టే ముందు ఊళ్లో చెప్పాను, స్టేషన్‌లో కాగితం రాసిచ్చాను. అయినా మన వైపు ఈ యంత్రం చేతిలో ఉన్నవాణ్ణి గుప్తనిధుల దొంగ అనే అనుకుంటారు. మొదటి రోజే రేవులో పుట్టి అనే బుట్టపడవ నడిపే ఉచ్చీరప్ప, ఇంకో ఇద్దరు వచ్చి నా వెనక కూర్చున్నారు.

“ఏం సార్, నిధులకొచ్చినారా?”

“లేదప్పా. మా ఇంటామె దండ పడిపోయింది ఈడ.”

“ఎప్పుడు పడింది?”

“రెండేండ్లు కావస్తాంది.”

“బాగ తొందరున్నట్లుంది మీకు,” అన్నాడు ఉచ్చీరప్ప. పక్కవాళ్లు నవ్వారు. ఒకడు, “కోడి యాడ సార్? నిమ్మకాయలన్నా తెచ్చినారా?” అన్నాడు. తర్వాత ఉచ్చీరప్ప నవ్వడం మానేసి, “మీ ఇంటామె ఇప్పుడు యాడుంది?” అని అడిగాడు. “లేదు,” అన్నాను. నా ముఖంకేసి చాలాసేపు చూసి బీడీ ముట్టించుకున్నాడు. తర్వాతి రెండు రోజులూ వచ్చి అదే రాయిమీద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అతను నన్ను కాపలా కాస్తున్నాడు. అతనికి ఏదో తెలుసునని నాకు అనుమానం. దొరికిన బంగారం ఇలాంటివాళ్ల చేతుల్లోకే పోతుంది. అయినా నది ఒడ్డున పోయిందో లేదో తెలియని వస్తువును అతను దొంగిలించాడని ఎలా అనుకోను?

మూడు రోజులు, పొద్దున ఆరునుంచి పదకొండు వరకు. గడ్డి ఉన్న ఒడ్డునుంచి మొదలుపెట్టి నీళ్లలోకి, తాడు కట్టి వరసలు వరసలుగా. ఇనుము వద్దని పెట్టాను, సీసా మూతలూ అల్యూమినియం రేకులూ వద్దని పెట్టాను. యంత్రం దాదాపు మూగగా ఉండిపోయింది. జనం నదిలో వేసిన పాత రాగి పైసలు నాలుగు, ఒక ఇత్తడి గంట. అంతే.

తేలింది కదా అనుకుంటూ బస్సెక్కాను. తేలితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. ఎమ్మిగనూరు బస్టాండులో ఖాజా కనిపించాడు. “దుల్హాభాయ్, నల్లబడినారు, యాడికి పోయొస్తాండారు?” అన్నాడు. “పనిమీద,” అన్నాను. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందా అని అడగాలనిపించింది.

యంత్రం ఎప్పుడు తిప్పి పంపమంటావు?

యూసుఫ్


ఆదోని,
మే 19

సామ్సన్,

నీ తిట్లు అందాయి. “చిన్న బంగారు గుండ్లూ అల్యూమినియం రేకూ ఆ యంత్రానికి ఒకే అంకెమీద కనిపిస్తాయిరా. రేకు వద్దన్నావంటే బంగారం కూడా వద్దన్నట్టే. నువ్వే దాని నోరు మూసి, అది పలకలేదు కాబట్టి ఏమీ లేదంటున్నావు. నీ బుద్ధి హాస్టల్లోనూ ఇంతే” అని రాశావు. ఉత్తరంతోపాటే రెండో యంత్రం దిగింది. నేను అడగలేదు. నువ్వు పంపావు.

అన్నిటికీ మోగేది. మొన్న శుక్రవారం తీసుకుపోయాను. అడుగుకొక మోత. మేకులు, సిగరెట్ పెట్టె రేకులు, చేప గాలాలు, తుప్పు పట్టిన లాడం. ప్రతిదీ తవ్వాను. తొమ్మిదింటికి మోకాలి లోతు నీళ్లలో, నాలుగు బండలు కలిసే చోట, చెవులు దిమ్మెక్కేంత మోగింది. నిధి అని పక్కవాళ్లు లేచి వచ్చారు. గరిటకు తగిలింది గాని రాలేదు. ఇద్దరు కుర్రవాళ్లు దిగి లాగితే ఒక ఇనుప గుంజ కనబడింది. పాతకాలంలో పుట్లు కట్టేదట. దానికి మూరెడు కడ్డీ ఒకటి గట్టిగా కరుచుకుని ఉంది. కడ్డీ ఒక చివర తెగిన నైలాన్ తాడు. ఇంకో చివర ఉలితో కొట్టిన అంకె, 2.

సామ్సన్, అది మా మిల్లు అయస్కాంతం. 2023 అక్టోబరులో నా గదినుంచి మాయమైంది. ఆ గది తాళంచెవి వాచ్‌మన్ గోవిందు దగ్గర ఉండేది. కడ్డీ పోయిన సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మిల్లు మాటలు ఇంట్లో మాట్లాడే అలవాటు నాకు లేదు.

నీళ్లలో అలాగే నిలబడ్డాను. ఉచ్చీరప్ప రాయిమీదనుంచి దిగి వచ్చాడు.

“ఇది ఆయమ్మది కదా,” అన్నాడు.

“ఏ అమ్మ?”

“బుర్ఖా ఏసుకోని బుధవారం బుధవారం వస్తాండె, తమ్మునితో. నా పుట్టిలోనే కూచోని దీన్ని తాడుతో నీళ్లల్లో ఈడ్పిస్తాండె. బంగారు దీనికి అంటుకోదమ్మా అని నేనే సెప్తి. ‘గుండ్లు గుచ్చిన తీగ ఇనుముదే కదన్నా, అదన్నా అంటుకోదా’ అనె. పాపమనిపించి మూడు నెలలు తిప్పినా. ఒకనాడు ఇది ఈడ పట్టేసుకునింది, తాడు తెగింది. మళ్ల రాలేదు.”

“ఇన్నాళ్లూ నాకు ఎందుకు చెప్పలేదప్పా?”

“మీరెవురో నాకేం తెలుసు సార్. ఆడమనిషి గురించి ఆరా తీస్తాండారేమో అనుకొంటి. మొగం సూస్తే అట్లే ఉండె.”

అక్కణ్ణుంచి నేరుగా ఖాజా ఇంటికి పోయాను. కడ్డీ చూసి వాడు కూర్చుండిపోయాడు. “మా ఆపా నాతో ఒట్టు పెట్టించుకునింది, దుల్హాభాయ్,” అన్నాడు. “‘మీ బావకు చెప్పినా, అట్లనా అన్నాడు. దొరికిచ్చి చేతిలో పెడితేనే నమ్ముతాడు’ అని పట్టు పట్టింది. తాడు తెగిన పొద్దు ఇసుకలోనే కూచోని ఏడ్చింది. దండ పోయె, మిల్లు సామాను కూడా పోయె, ఇంక ఏ మొగం పెట్టుకోని చెప్పేది అని.” గది ఎట్లా కట్టావని నేను అడగలేదు. వాడే చెప్పబోయాడు. వద్దన్నాను.

చెప్పుల్లో ఇసుక నదిది.

బస్సులో ఏడుపు వచ్చింది. పక్కనున్న ముసలామె ఎమ్మిగనూరునుంచి ఆదోని దాకా ఏమీ అడగకుండా నా సంచి తన ఒళ్లో పెట్టుకుంది.

యూసుఫ్


ఆదోని,
మే 26

ప్రియమైన సామ్సన్,

రెండు యంత్రాలూ ఈరోజు పార్సిల్ వేశాను. అన్నిటికీ మోగేదాని పట్టీ తెగితే ఖాజా కుట్టించాడు. ఇంక వెతకను.

నిన్న గోనెగండ్ల పోయి గోవిందును కలిశాను. మిరపచేలో ఉన్నాడు. అయస్కాంతం పోయిన రోజు నేను అతన్ని దొంగ అనలేదు. తాళంచెవి ఇమ్మన్నాను, ఇచ్చాడు, లారీల గేటు దగ్గరికి మార్చాను. నెలకే మానేసి వెళ్లిపోయాడు. దొరికిందని చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

“మీరు దొంగా అని తిట్టింటే నేనూ నాలుగు తిట్టి ఆడనే ఉంటాంటి, సాబ్,” అన్నాడు గోవిందు. “నోరు మెదపకుండా తాళంచెవి అడిగినారు సూడు, దానికి ఏం జవాబు సెప్పాలనో తెల్లేదు.” తర్వాత, “యాడ దొరికింది?” అన్నాడు.

“నదిలో.”

“నదిలోకి ఎవురు ఏసినారు?”

“నా వల్లనే పోయింది,” అన్నాను. పత్తి దిగే కాలానికి వస్తావా అంటే, “మా ఆడామెను అడిగి సెప్తా. నేను అడుగుతా సాబ్, మీ మాదిరి కాదు,” అని నవ్వాడు.

మిల్లుకు కొత్త కడ్డీ ఎప్పుడో వచ్చింది. పాతది తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నారు. ఇప్పుడు నా బల్లమీద ఉంది. దానికి అంటుకున్నవేవీ ఊడదీయలేదు. మూడు నెలల బుధవారాల్లో ఆమె నదినుంచి పోగుచేసినవి, తర్వాత నది తెచ్చి అంటించినవి. గాలాలు, మేకులు, రెండు రూపాయి బిళ్లలు, నల్ల ఇసుక. వాటి మధ్య తలపిన్ను ఒకటి ఉంది. మహజబీన్ పెట్టుకునే రకంలాగే కనిపిస్తోంది. ఎమ్మిగనూరు సంతలో అందరూ కొనేవీ ఇంచుమించు ఇలాంటివే. డబ్బాలో ఆమె పిన్నులు ఇంకా ఉన్నాయి, తీసి పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

నేను చూడలేదు. ఆమెదే.

నీ
యూసుఫ్