రెయిలింగ్‌కు పోయిన ఆర్గాన్

బుధవారం రాత్రి, అనంతపురం

ఒళ్ళు మండిపోతోంది. న్యూట్రినో డిటెక్టర్ కోసం నెలల తరబడి బతిమాలి తెప్పించుకున్న శుద్ధమైన ఆర్గాన్ సిలిండర్‌ను మా డిపార్ట్‌మెంట్ హెడ్ సారు మెట్ల రెయిలింగ్ వెల్డింగ్‌కు ఇచ్చేశారు.

అడిగితే, "ఆర్గానంటే ఆర్గానే గదమ్మా! వెల్డింగాయన సిలిండర్ రేపొస్తాది, అది పెట్టుకో" అన్నారు.

న్యూట్రినో కణం తాకితే ఆర్గాన్‌లో పుట్టే సంకేతం చాలా చిన్నది. వెల్డింగ్ గ్యాసులో ఉండే కాస్త ఆక్సిజన్ కూడా ఆ సంకేతాన్ని మింగేస్తుంది. ఆ మాటే చెప్పాను.

"నీ డిటెక్టర్ డబ్బా మూసే ఉంటాది గదా, లోపలేముండాదో ప్రారంభోత్సవానికొచ్చినోళ్ళకేం తెలుస్తాది?" అని నవ్వారు.

నిజమే, తెలియదు. అదే నా కడుపు మంట. ఎల్లుండి పెద్దలొస్తారు. తళతళలాడే ఆ రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కి, నా పనిచేయని డిటెక్టర్ ముందు రిబ్బన్ కత్తిరిస్తారు. అది ఎలా పనిచేస్తుందో పక్కన నిలబడి నేనే వివరించాలి.