మూడు దినాల కట్టు

పెనుకొండ,
14 నవంబరు 2025.

చిరంజీవి ధరణికి, ఎముకల కట్టు గంగాధరప్ప తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం వాడుక. నీకు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ధర్మవరంలో నీ ఒంట్లో బాగుందనీ, చీరల అంగట్లో పని సాగుతోందనీ తలుస్తాను. ఫోన్‌లో నా పేరు కనబడగానే కట్ చేస్తున్నావు కాబట్టి ఈ కాగితం. దీన్ని కట్ చేయలేవు గానీ చించేయగలవు. చించే ముందు ఒకసారి చదువు.

ఆరేళ్లప్పుడు నీ మోచెయ్యి జారితే కట్టింది నేనే. ఆ మూడు దినాలూ నువ్వు నన్ను తిట్టిన తిట్లు మీ వీధిలో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. "ఓ ముసిలోడా, యాడుండావు, వచ్చి విప్పు" అని అరుగు మీద నిలబడి ఒకటే కేకలు. అప్పటికి నాకు ఒక్క వెంట్రుకా తెల్లబడలేదు! కోడిగుడ్డు తెల్లసొన, మినపపిండి, వెదురు బద్దలు, గుడ్డ. మా నాయన నాకు నేర్పింది ఇదే. దాంతోపాటు ఒక నియమం కూడా. మూడు దినాల లోపల కట్టు విప్పకూడదు, ఎప్పుడు విప్పినా కట్టిన చెయ్యే విప్పాలి, వేరే చెయ్యి పడితే వైద్యం పారదు. నలభై ఏళ్లుగా దాన్ని గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.

శ్రావణంలో జరిగింది నీకు తలా ఒక రకంగా చెప్పి ఉంటారు. మంద తోలుకొని వస్తుంటే కొమ్ముల పొట్టేలు మీ నాయన ఎర్రిస్వామిని రొమ్ము నడిమధ్య పొడిచింది. వెల్లకిలా పడి, లేచి, దుమ్ము దులుపుకొని నవ్వాడట. పెనుకొండలో ఎక్స్‌రే తీయిస్తే ఒక్క పక్కటెముకా విరగలేదు. ఆ ఫిల్మ్ పట్టుకొని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఎముక బాగుంటే ఇంకేముంటాది చిన్నాయనా, నొప్పికి ఒక కట్టు వెయ్యి" అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. రొమ్ము చుట్టూ గట్టిగా కట్టాను. మూడు దినాలు ఎవరినీ విప్పనీయనని మీ అమ్మ చౌడక్క చేత ఊరి దేవత చౌడమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకున్నాను.

మరునాడు తెల్లవారేసరికి మీ నాయనకు చెమటలు, గుండె దడ. మీ అమ్మ ఆలస్యం చేయలేదు, అది గుర్తుపెట్టుకో. ఆటో మాట్లాడుకొని హిందూపురం తీసుకెళ్లింది. అక్కడ డాక్టరమ్మ మాధవీలత కట్టు కోయాలంది. మీ అమ్మ కోయనీయలేదు. చేతులకూ కాళ్లకూ మాత్రం తీగలు పెట్టి ఈసీజీ తీస్తే, గుండె వరస తప్పి కొట్టుకుంటోందని తెలిసింది. రక్తం కూడా తీసుకున్నారు. దాని ఫలితం రాకముందే మీ అమ్మ ఆయనను లేపుకొని బయలుదేరింది. డాక్టరమ్మ వాకిలి దాకా వచ్చి బతిమాలినా నిలవలేదు. సోమందేపల్లి దాటాక మీ నాయన ఆటోలో మీ అమ్మ భుజం మీద వాలిపోయాడు. వాళ్లు హిందూపురం పోయిన సంగతి నాకు శవం ఊళ్లోకి వచ్చాకే తెలిసింది.

మట్టి చేసే చోట అందరి ముందర నువ్వు మీ అమ్మతో "నాయన్ను నువ్వే చంపితివి, ఇంక నాకు అమ్మ లేదు" అన్న మాట నేనూ విన్నాను. దినకర్మ కూడా కాకుండానే బస్సెక్కావు. మీ అమ్మ ఇప్పుడు గొర్రెల దొడ్డి దగ్గరే కూర్చుంటోంది. ఆ పొట్టేలును అమ్మేయమంటే, దాని తప్పేముంది, తప్పు నాది అంటుంది. ఒక పూట తింటే రెండో పూట లేదు. ఫోన్ మాత్రం ఒడిలో పెట్టుకొని ఉంటుంది. ఇట్లా ఇంకో నెల గడిస్తే మీ నాయన పక్కనే ఆమెకూ గుంత తవ్వాల్సి వస్తుంది. బెదిరించడానికి రాయడం లేదు, కళ్లతో చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

పోయిన వారం నేనే హిందూపురం వెళ్లి డాక్టరమ్మను కలిశాను. ఆ కట్టు కట్టినవాణ్ణి నేనే తల్లీ అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. కూర్చోబెట్టి చెప్పింది. పక్కటెముకలు వంగి మళ్లీ నిలబడతాయట, లోపల గుండె మాత్రం కమిలిపోతుందట. ఎక్స్‌రేలో అది కనబడదు. రొమ్ముకు దెబ్బ తగిలితే ముందు ఈసీజీ తీయాలి, రక్తపరీక్ష చేయాలి. రెండూ బాగుంటే భయం లేదు. ఒకటి తేడాగా ఉన్నా ఒక పగలూ రాత్రీ మిషను పెట్టి కనిపెట్టుకొని ఉండాలి. గుండె చుట్టూ రక్తం చేరిందేమో స్కాన్‌లో చూడాలి. ఉన్నట్టుండి వరస తప్పితే కరెంటు షాక్ ఇచ్చి దారికి తెస్తారు. వీటికి రొమ్ము మీద కట్టు లేకుండా ఉండాలి. నేను నలభై ఏళ్లు ఎముకనే చూశాను, దాని వెనక ఏముందో చూడలేదు.

మొన్న మంగళవారం రొళ్ల నుంచి, ట్రాక్టర్ స్టీరింగ్ రొమ్ముకు గుద్దుకున్న మనిషి కట్టు కోసం వచ్చాడు. చెయ్యి కూడా వేయకుండా హిందూపురం తోలాను. రక్తంలో తేడా ఉందని ఒక దినం పెట్టుకొని పంపారు. బాగున్నాడు. ఆ కబురు విని సంతోషం రాలేదు, మీ నాయనే గుర్తొచ్చాడు.

మీ అమ్మ ఒట్టుకు కట్టుబడింది, అంతే. ఒకసారి వచ్చి పో తల్లీ.

ఇట్లు,
నీ మేలు కోరే
గంగాధరప్ప.

తా.క.: కవరు అంటించి రెండు దినాలు దగ్గర పెట్టుకొని మళ్లీ చించాను. పైన ఒక అబద్ధం రాశాను. వాళ్లు హిందూపురం పోయిన సంగతి నాకు ముందే తెలుసు. ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఆసుపత్రి నుంచి మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. నర్సు చేతిలో కత్తెర ఉందట. "మామా, నీ ఒట్టు తీసేయ్, వీళ్లు కోస్తామంటాండారు, మనిషి చూపు బాగలేదు" అని ఏడ్చింది. నా కట్టు మీద ఇంకొకరి కత్తెరా అని నాకు రోషం వచ్చింది. వాళ్ల చెయ్యి పడనీయొద్దు, ఇక్కడికి తీసుకురా, నేనే విప్పుతాను అన్నాను. నేను రమ్మంటే వచ్చింది. డాక్టరమ్మకు కూడా నేను ఈ మాట చెప్పలేదు.

నువ్వు ఆమెను అంత మాట అన్నప్పుడు నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. తర్వాత ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే నీకాడికి ఇంక ఎవురొస్తారు మామా" అంది. ఆ మాట చాటున మూడు నెలలుగా అన్నం తింటున్నాను.

ఆటో వచ్చేసరికి వాకిట్లోనే నిలబడి ఉన్నాను. అన్నట్టే కట్టు నేనే విప్పాను. అప్పటికే మీ నాయన ఒళ్లు చల్లబడింది.

మీ అమ్మకు ఫోన్ చెయ్యి. నాకు వద్దు.