కుడిచేత్తో పంచిన చక్కెర

సుబ్బమ్మా,

నీకు చదువు రాదని నువ్వున్నన్నాళ్లూ ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఇప్పుడెటూ చదవవు గనక ధైర్యంగా రాస్తున్నాను.

మైదుకూరు దారిలో సారా బండి ఆపినందుకు ఓబులేసు నన్ను కాల్చినప్పుడు, నీ పోలీసు మొగుడు బతికితే ఏటా పీర్ల దగ్గర చక్కెరకు ఫాతెహా చదివించి పంచుతానని మొక్కుకున్నావు. గుండు దిగిన నా కుడిచెయ్యి పైకి లేవదు, ఎడమచేత్తో పంచకూడదు. అందుకే ఇన్నేళ్లూ నువ్వే పంచావు. నువ్వు లేని మొదటి పీర్ల పండగ ఈరోజే. పీర్ల చావిడిలో చక్కెర పళ్లెం ముందు ఊరికే నిలబడ్డాను.

జైలు నుంచి మొన్ననే వచ్చిన ఓబులేసు నా ఎదుటికొచ్చాడు. జనం పక్కకు జరిగారు.

"ఏమప్పా, ఈసారన్నా గురిచూసి కాలుస్తావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "చెయ్యి ఇంకా లేస్తాలేదా సామీ?" అంటూ నా మోచేతి కింద చెయ్యిపెట్టి ఎత్తాడు. చదివించిన చక్కెర ఎవరికీ లేదనకూడదు కదా, మొదటి పిడికెడు వాడికే పెట్టాను. తర్వాత వాడు ఎత్తుతుంటే ఊరందరికీ పంచాను.

కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. జాలీ రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కినట్టుంది.

"వచ్చే ఏడూ రావల్లా సామీ?" అన్నాడు పోతూ.

"నువ్వు రాకుంటే ఈ చెయ్యి మీ అబ్బ ఎత్తుతాడా?" అని తిట్టాను. నువ్వుంటే పక్కకు తిరిగి నవ్వేదానివి.