నాలుగో మంచం దగ్గర నిన్ను చూశాను

పెగడపల్లి,
30 అక్టోబరు 2011

బిడ్డ ప్రవళికకు అమ్మ ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ, తమ్ముడు అజయ్ కుశలం. అక్కడ నువ్వు వేళకు తింటున్నావని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ ఉత్తరం అంది నెల దాటింది. ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, చదివినవా?" అని నువ్వు అడగడం, నేను మాట మార్చడం. ఇప్పుడు ఒక్కొక్కటే జవాబు చెబుతాను.

తెలంగాణ కోసం చేసిన సమ్మె ఆగింది, బస్సులు తిరుగుతున్నాయి. నా అంగన్‌వాడీ పిల్లలు మాత్రం ఇంకా ఆపలేదు. ఒకడు బస్సవుతాడు, మిగతావాళ్ళు అడ్డంగా కూర్చుని "జై తెలంగాణ" అంటారు. అజయ్ కాలి పుండు నువ్వు చెప్పిన మందుతోనే మానింది.

ఇక నీ అసలు ప్రశ్న. ఎంబీబీఎస్ చాలు కదా, గొల్లపల్లి దవాఖానాలో ఉద్యోగం చేసుకోవచ్చు కదా, జనరల్ మెడిసిన్ అని మళ్ళీ మూడేళ్ళు ఎందుకని రాశావు. పగలూ రాత్రీ డ్యూటీలు, థీసిస్, చూసిన ప్రతి రోగి సంగతీ పుస్తకంలో రాసి పెద్ద డాక్టరు సంతకం తీసుకోవడం, చివరి పరీక్షలో ఎన్నడూ చూడని రోగిని అప్పగించి గంటలో జబ్బు తేల్చమనడం. "ఇంత చదివినా నాకేం రాదనిపిస్తుంది. ఇంటికి వచ్చేయనా అమ్మా?" అన్నావు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. దసరా అయిన మూడో రోజు నేను హైదరాబాద్ వచ్చాను. నిన్ను ఇంటికి తెచ్చుకుందామనే వచ్చాను.

బస్సులు లేవు కదా, మన పక్కింటి కళావతి వాళ్ళు జీపులో వెళ్తుంటే ఎక్కాను. సిద్దిపేట దాటాక రోడ్డు మీదే సమ్మె వాళ్ళ వంటావార్పు. జీపు ఆపి, మాకూ విస్తర్లలో అన్నం పెట్టి పంపారు. ఆ సాయంత్రం కళావతి చుట్టాలింట్లో ఆగి, మర్నాడు పొద్దున నీ ఆసుపత్రికి వచ్చాను.

వార్డు గుమ్మం దగ్గర ఒకామె కూర్చుని ఉంది. పేరు సమ్మక్క, ఊరు ఎల్లంతకుంట. భర్త కొమురెల్లి సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేస్తాడట.

"నెల రోజులాయె జరం. ముగ్గురు డాక్టర్లు మూడు తీర్ల చెప్పిండ్రు," అంది. "గా నాలుగో మంచం మాదే. గా పొట్టి డాక్టరమ్మ పొద్దటి సంది మూడుసార్లు అచ్చి చూసింది."

ఆ పొట్టి డాక్టరమ్మవి నువ్వే. నీ పక్కన తల నెరిసిన పెద్ద మేడమ్, చుట్టూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్న మీ తోటివాళ్ళు.

"టైఫాయిడ్ కాదంటున్నావు. ఎందుకు?" అని ఆమె అడిగింది.

నువ్వు కొమురెల్లి చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పావు. "గోళ్ళ కింద ముల్లు విరిగినట్టు సన్న గీతలున్నాయి మేడమ్." తర్వాత ఛాతీ మీద గొట్టం పెట్టి కళ్ళు మూసుకున్నావు. గుమ్మం చాటున నేను చెవి రిక్కించాను. "గుండెలో ఒక చప్పుడు ఎక్కువ వినపడుతుంది."

"ఇది ఎక్కడ మొదలైందో అడిగావా?"

నువ్వు మంచం అంచున కూర్చున్నావు. "తాతా, ఈ నడుమ పన్ను గిట్ల పీకించుకున్నవా?"

"జరం రాక ముందుగాల పీకిచ్చిన. గదెందుకు బిడ్డా?"

మేడమ్ తనే చాలాసేపు గుండె విన్నది. "మూడుసార్లు రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపు. తర్వాతే మందు," అని పక్క మంచానికి వెళ్ళిపోయింది. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. నువ్వూ దానికోసం చూడలేదు, తల వంచుకుని రాసుకున్నావు.

పన్ను నుంచి గుండెకు, గుండె నుంచి గోటికి దారి ఉంటుందని నాకేం తెలుసు? ఆ దారిని నా కడుపున పుట్టిన పిల్ల వెనక్కి నడిచి వెళ్ళింది. చేతులు జోడించాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

మీ నాన్న పోయేముందు నలభై రోజులు జ్వరం కాసినప్పుడు ఎంతమందికి చూపించామో నీకు గుర్తుండదు, చిన్నదానివి. చీటీ రాసినవాళ్ళే అందరూ. అట్లా పక్కన కూర్చుని అడిగినవాళ్ళు లేరు. మీ నాన్న గోళ్ళు ఎట్లా ఉండేవో నేనూ చూడలేదు. అడిగితే ఏమని చెప్పేవాడో అని ఈ నెలంతా అదే ఆలోచన.

ఆ రోజు నా నంబరు తీసుకున్న సమ్మక్క నిన్న ఫోన్ చేసింది. జ్వరం దిగిందట, ఇంకో పది రోజులు సూదులున్నాయట. "డాక్టరమ్మ రోజూ గోళ్ళు జూస్తది," అని నవ్వింది. ఆ డాక్టరమ్మ నా బిడ్డేనని ఆమెకు చెప్పలేదు.

ఆ రోజు రౌండు అయ్యాక నువ్వు బయటికొచ్చి, గోడకానుకుని, చాయలో బిస్కెట్ ముంచుకుని తిన్నావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పది అడుగుల దూరంలో స్తంభం వెనక, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాను. నన్ను చూస్తే "పోదాం పా అమ్మా" అనేదానివి. నేను తీసుకొచ్చేసేదాన్ని. ఇంతలో ఎవరో ముసలాయన "డాక్టరమ్మా" అని పిలిచాడు. నువ్వు సగం చాయ అక్కడే పెట్టి లోపలికి వెళ్ళావు. నువ్వు ఆయన మంచం దాకా వెళ్ళేవరకూ చూసి, జీపు దగ్గరికి నడిచాను.

ఇట్లు,
నిన్ను కళ్ళారా చూసి పలకరించకుండా వచ్చిన
మీ అమ్మ,
మల్లవ్వ