యూనిట్టు మోసేంత బలం

గిద్దలూరు,
9-3-1947

చిరంజీవి తమ్ముడు ఏబేలుకు అన్న దేవరాజు ఆశీర్వదించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, మీ వదిన, పిల్లలు, నేను ఒంటికి క్షేమంగానే ఉన్నాం. మద్రాసులో నువ్వూ, నువ్వు తినే హోటలు కూడూ ఎట్లా ఉన్నారో తెలియజేయి. నీ జాబుకు జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి అని రాయబోయి కొట్టేశాను. నిజానికి పని లేకనే ఆలస్యమైంది.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన మందునూనె సగం పూసుకుని, మిగతా సగం పక్కింటి ముసలామెకు ఇచ్చేసింది. ఆమె ఇప్పుడు అమ్మకంటే చురుగ్గా నడుస్తోంది. బర్రె ఈనింది, పెయ్యదూడ. కొర్రలు బాగానే చేతికొచ్చాయి. కంభం సంబంధంవాళ్లు నీ ఫోటో అడుగుతున్నారు. ఈసారైనా గడ్డం గీసుకుని తీయించుకో. పోయినసారి పంపినదాంట్లో జైలునుంచి విడిచిపెట్టినవాడిలా ఉన్నావు. మీ వదిన ఆ ఫోటో వాళ్లకు చూపించనని పెట్టె అడుగున దాచింది.

ఇక చివర అడిగావు, నీ చేత్తో కట్టిన ఆంప్లిఫయరు ఎట్లా పలుకుతోందని. దానికి కాస్త ఆగు, వస్తాను.

కిందటేడు సెలవులో వచ్చినప్పుడు నువ్వు చెప్పిన పాఠం నేను మరచిపోలేదు. మన సైకిలు దుకాణం వెనక కూర్చుని, మన మైకుసెట్టు హారను వెనకుండే యూనిట్టు విప్పి లోపలి పొర చూపించావు. ఉల్లిపొరంత పలచన. దానికి చుట్టిన తీగ వెంట్రుకంత సన్నం. "ఊరు ఎంత పెద్దదో చూసి ఆంప్లిఫయరు తెచ్చుకోగూడదన్నా. ఈ పొర ఎంత మోస్తాదో చూసి తెచ్చుకోవాల" అన్నావు. మన యూనిట్లు ఒక్కొక్కటి పన్నెండు వాట్లకు మించి మోయవని, రెంటికీ కలిపి ఇరవై వాట్ల పెట్టె కట్టి ఇచ్చావు. పెట్టెకూ యూనిట్లకూ ఓములు కుదరడానికి తీగ ఎక్కడ తగిలించాలో ఎర్రరంగు పూసి మరీ పెట్టావు. మోటారు బ్యాటరీల మీద నడిచే ఆ పెట్టె నన్ను ఒక్క పెళ్లిలోనూ నగుబాటు చేయలేదు. నగుబాటుకు నేను చాలుదును.

మార్కాపురం సుబ్బన్న సంగతి నీకు తెలుసు కదా, మనలాగే మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి. అతను యుద్ధం నాటి పెద్ద సెట్టు ఒకటి తెచ్చాడు. దాన్ని పెడితే పక్క ఊళ్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారని చెప్పుకుంటారు. కొమరోలు పెళ్లిలో మన సెట్టు పెట్టినప్పుడు పెళ్లికొడుకు తండ్రి నలుగురిలో నవ్వుతూ, "దేవరాజు మైకు మర్యాదగల్లది. మాట గడప దాటదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా దిగింది.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, నేను గుంతకల్లు పోయాను. అక్కడ ఒక వ్యాపారి మిలిటరీ వేలంలో పాడిన సామాను అమ్ముతున్నాడు. అరవై వాట్ల ఆంప్లిఫయరు, దానికి పెట్రోలు ఇంజను. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ బరువు చూసే నా మనసు పారేసుకున్నాను. ఆ వ్యాపారి ఒక్క మాట అడిగాడు, నీ దగ్గర ఏ యూనిట్లున్నాయని. పెద్దవే ఉన్నాయి అన్నాను. అతనికి అబద్ధం చెప్పి నాకేం లాభమో ఇప్పటికీ అర్థం కాదు. చిన్నవని ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే.

తమ్ముడూ, దానికి బదులుగా నీ పెట్టె ఇచ్చేశాను. నీ ప్రశ్నకు జవాబు ఇదే. మొన్న మనిషిని పంపి కనుక్కుంటే ఎవరో కొనుక్కుపోయారని చెప్పారు. నువ్వు ఎన్ని ఆదివారాలు మానుకుని దాన్ని కట్టావో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

ఇంతటితో అయిపోతే, నీ కాళ్లు పట్టుకునేందుకు నేను అన్నను కాకపోతే బాగుండునని రాసి ముగించేవాణ్ణి. అయిపోలేదు.

మన చర్చి మైదానంలో కోతపండుగ సభ పెట్టారు. పాస్టరు అయ్యగారు ఈసారి అమ్మను పాడమన్నారు. ఇన్నేళ్లు బైబిలు స్త్రీగా రాచర్ల వైపు, కొమరోలు వైపు ఇంటింటికి నడిచి వాక్యం చెప్పి, కళ్లాల దగ్గర నిలబడి పాడిన మనిషి. మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. చలువచీర కట్టుకుని పొద్దుటినుంచి నీళ్లు తప్ప ఏమీ తాగలేదు. దంపుళ్ల బాణీలో తానే కట్టుకున్న పాట, నీకు చిన్నప్పుడు జోలగా పాడినదే, దాన్ని ఎంచుకుంది.

మైకంటే భయంతో అమ్మ నాలుగడుగులు వెనక నిలబడింది. మొదటి చరణం సన్నగా వచ్చింది. నేను లేచి, కాస్త దగ్గరికి జరగమ్మా అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నాకు నా అరవై వాట్లు చూపించుకోవాలి. సుబ్బన్న మనుషులు కూడా వచ్చారని విన్నాను. చప్పుడు పెంచే మరను తిప్పాను, ఇంకా తిప్పాను. రెండో చరణానికి అమ్మకు భయం పోయింది. కళ్లాల దగ్గరున్నట్టే కళ్లు మూసుకుని, మైకు దగ్గరకు వచ్చి, గొంతెత్తింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టయింది. ఆడవాళ్ల వైపున్న హారను గరగరమని, చీలిన వెదురులా మొత్తుకుంది.

అమ్మ ఆగిపోయి పైకి చూసింది. తన గొంతు బయటినుంచి తనకే వినబడటం ఆమెకు అదే మొదలు కదా. హారను ఎట్లా పలికితే తన గొంతు అట్లా ఉందనుకుంది. చేత్తో గొంతు తడుముకుని మళ్లీ ఒక పాదం ఎత్తుకుంది. ఇంకా వికారంగా వచ్చింది. వెనక నిలబడ్డ కుర్రాళ్లు పగలబడి నవ్వారు. అమ్మ తలమీద కొంగు కప్పుకుని దిగిపోయింది.

అయ్యగారు నా దగ్గరకు వచ్చి ఏమైందని అడిగారు. మైదానమంతా నా వైపే చూస్తోంది. నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదివి నన్నేమనుకుంటావో అనుకో.

"మైకుదేం లేదయ్యగారూ. మాయమ్మ పెద్దదైపాయ. గొంతు పోయినాది."

తిరిగి చూస్తే అమ్మ నా వెనకే నిలబడి చెంబుతో నీళ్లు తాగుతోంది.

చెంబు కింద పెట్టి ఇంటిదారి పట్టింది. తిట్టినా బాగుండేది. ఆనాటినుంచి పాట మానేసింది. విసిరేటప్పుడు తిరగలి చప్పుడే గాని ఆమె చప్పుడు లేదు. చర్చిలో పెదవులు కదిలిస్తుంది, అంతే. రాచర్లనుంచి ఆడవాళ్లు పిలవడానికి వస్తే, వాళ్లకు మజ్జిగ ఇచ్చి, "నేనింక రానమ్మా. నా గొంతు పోయినాదని మా దేవరాజు చెప్పినాడు. వానికి తెలుసు, మైకులు చూసేవాడు గదా" అంది. నేను పక్క గదిలో ఉండి విన్నాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో అక్కడ తెలిసింది. అయినా బయటికి రాలేదు.

తరువాత యూనిట్టు విప్పాను. పొర అడ్డంగా చిరిగి, తీగ మాడి ఉంది. మీ వదిన నా భుజం మీదుగా చూసింది. ఆమెకు మైకుల సంగతి ఏమీ తెలియదు గాని, నా మొహం సంగతి తెలుసు. "ఇది అత్తమ్మకు నువ్వు చూపిస్తావా, నేను చూపించాల్నా?" అని అడిగింది. దానిమీద కూడా రెండు రోజులు నానబెట్టాను.

నిన్న చెప్పాను. పెరట్లో కొర్రలు చెరుగుతోంది. పొర ఆమె చేతిలో పెట్టి అంతా చెప్పాను. గుంతకల్లు, సుబ్బన్న, మర తిప్పడం, అయ్యగారితో అన్న మాట, అన్నీ. ఆమె పొరను వెలుతురుకు పట్టి చిరుగు చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"అట్లయితే నేను ఆ పొద్దు బాగనే పాడినానా?"

బాగా పాడావమ్మా, నీ గొంతును మోయలేకనే అది చిరిగింది అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. చేట పక్కన పెట్టి, "నాకు చెప్పినావు, సరే. ఆ పొద్దు నవ్వినోళ్లకు ఎవరు చెప్తారు?" అంది.

ఇంటింటికి పోయి చెబుతాను అన్నాను. కొంపకొక మాట చొప్పున మెల్లగా చెప్పుకుంటే కొంత సిగ్గు తగ్గుతుందని నా ఆశ.

"ఇంటింటికి తిరిగేది నా పని. నీకు మైకుంది గదా నాయనా" అంది.

అందుకని ఈ జాబు. ఈస్టరు నాడు అదే మైదానంలో ఆరాధన. అయ్యగారిని అడిగాను, మొదట నన్ను మాట్లాడనిస్తామన్నారు. మనకు ఒక్క యూనిట్టే మిగిలింది. అది ఎంత మోస్తుందో, దానికి ఓములెన్నో నీకు తెలుసు. దానికి తగిన పెట్టె నువ్వు పనిచేసే దుకాణంలో ఏదైనా ఉంటే చూసి అద్దెకైనా పంపు. మైదానం ఎంత పెద్దదో నేను చెప్పను. మిలిటరీ సెట్టును గోనెసంచి కప్పి మూల పెట్టాను.

ఒక్క సంగతి దాచకుండా చెబుతున్నాను. ఆ రోజు బ్యాటరీ చచ్చిపోతే బాగుండునని, నా మాట ముందు వరస దాటకపోతే బాగుండునని లోపల ఒక పాడుబుద్ధి పీకుతూనే ఉంది. పెట్టె ఎంచే పని నాకు వదిలితే ఈసారి మరీ చిన్నది ఎంచుతానని భయం. అందుకే నువ్వు ఎంచు. వెనక నిలబడ్డ కుర్రాళ్లకు ప్రతి మాటా విడివిడిగా వినబడాలి.

అమ్మ నా తరువాత పాడుతుంది. ఆమె గొంతు లెక్క చూసి పెట్టె పంపవద్దు. "మైకు నీ మాటకు పెట్టుకో, నా పాటకు వద్దు" అంది.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని అన్న,
దేవరాజు