సాక్ష్యం చెప్పని సాక్షి

మే 5, ఆదివారం

ఇవాళ ఉపవాస ఆదివారం. నెలకోసారి మా మోర్మన్ చర్చిలో ప్రసంగాలుండవు. లేవాలనిపించినవాళ్ళు మైకు దగ్గరికెళ్ళి సాక్ష్యం చెప్తారు. కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే ఒకరి తర్వాత ఒకరిది అదే మాట. ఈ సంఘం నిజమైనదని నాకు తెలుసు. ఈ గ్రంథం సత్యమని నాకు తెలుసు. నమ్ముతున్నాను అనరు, ఆశపడుతున్నాను అనరు. తెలుసు.

నాకు తెలియదు. ఏడాదిగా తెలియడం లేదు. అంతకుముందు నిజంగా తెలుసో, ఆ మాట నోటికి అలవాటైందో, అదీ తెలియదు.

అమ్మ మోచేత్తో పొడిచింది, లేవమని. గొంతు బాగోలేదన్నాను. ఏడాదిగా బాగోలేని గొంతుని డాక్టరుకి చూపించుకోమంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ప్రతివారం ఈ అనుమానాన్ని మోసుకెళ్తున్నాను. అమ్మ, అన్నయ్య, వదిన, నేను, అందరం కలిసి కూర్చునేది ఆ బెంచీ మీదే. ఆ చోటు పోతుందేమోనని నా భయం.

మే 8, బుధవారం

నేను కళ్ళు పరీక్షించే కళ్ళజోళ్ళ షాపులో ఇవాళ ఓ లారీ డ్రైవర్. ఆఖరి వరుస అక్షరాలు కనపడక ఊహించి చదివేస్తున్నాడు. కనపడకపోతే కనపడలేదని చెప్పండి, ఫెయిలేం చెయ్యను అన్నాను. రోజూ ఎంతమందికి చెప్తానో ఈ మాట. నాకు చెప్పేవాళ్ళే లేరు.

మే 13, సోమవారం

సోమవారం సాయంత్రాలు అన్నయ్య ఇంట్లో కుటుంబ ప్రార్థన. మేనకోడలు పిచ్చుకకి ఎనిమిదేళ్ళు నిండాయి. అంటే బాప్తిస్మం వయసు. అన్నయ్యే నీళ్ళలో ముంచుతాడు. పక్కన ఇద్దరు సాక్షులుండాలి. ఒకరు వదిన వాళ్ళ నాన్నగారు. రెండో మనిషి ఎవరంటే పిచ్చుక నా వైపు వేలు చూపించింది.

నానమ్మ ఉంది కదా అని వదిన. అమ్మ అప్పటికే సర్దుకుని కూర్చుంది. పిచ్చుక వినలేదు. పాము నిచ్చెన ఆటలో అందరూ కావాలని ఓడిపోతారట, అత్త ఒక్కతే ఓడిపోదట. అందుకని అత్తే కావాలట. కాదనడానికి నోరు రాలేదు.

మే 14

సాక్ష్యం చెప్పలేనిదాన్ని సాక్షిగా ఎలా నిలబడతాను?

మే 19, ఆదివారం

కారిడార్‌లో బిషప్‌ని పట్టుకున్నాను. వారమంతా పళ్ళ డాక్టరు, ఆదివారం మా సంఘానికి పెద్ద. నావల్ల కాదని చెప్పేద్దామని వెళ్ళాను. పళ్ళు చూపించడానికి తెరిచినట్టు నోరు తెరిచాను, మాట రాలేదు. కంగారు పడుతున్నాననుకుని ఆయనే వివరించాడు. సాక్షి చూడాల్సింది రెండే. ప్రార్థనలో మాట తప్పకూడదు. మనిషి పూర్తిగా మునగాలి, వెంట్రుక కూడా బయట ఉండకూడదు. ఏది తప్పినా మళ్ళీ చెయ్యాలి. అంతేనా అన్నాను. అంతే అన్నాడు.

చూసింది చెప్పడం నాకొచ్చిన పనే. ఇంటికొస్తూ ఈల వేశాను. అమ్మ వింతగా చూసింది.

మే 25, శనివారం, మధ్యాహ్నం

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాం, పిచ్చుక బాప్తిస్మం అయింది.

హీటర్ మొరాయించింది. తొట్టిలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. పిచ్చుకకి ముక్కులోకి నీళ్ళు పోతాయని చచ్చేంత భయం. తెల్ల బట్టల్లో మెట్లు దిగుతూ వాళ్ళ నాన్న చెయ్యి వదల్లేదు. అన్నయ్య ప్రార్థన ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. ముంచాడు. సరిగ్గా అప్పుడే అటు చివర కుడికాలి బొటనవేలు పైకి తేలింది. క్షణం. మళ్ళీ మునిగింది.

పిచ్చుక దగ్గుతూ లేచింది. వదిన తువ్వాలు విప్పి సిద్ధంగా ఉంది. జనమంతా ముక్కులు చీదుతున్నారు. అన్నయ్య సాక్షుల వైపు చూశాడు. వదిన వాళ్ళ నాన్నగారు కళ్ళు తుడుచుకుంటూనే తలూపేశారు. ఆయన ఏం చూశారో ఆ దేవుడికే తెలియాలి. ఇక నేను.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనిపించింది. నమ్మకమే సరిగ్గా లేనిదానికి బొటనవేలి పట్టింపు ఏమిటి? పిల్ల వణికిపోతోంది. తలూపితే అయిపోయేది.

పిచ్చుక నన్నే చూస్తోంది.

బొటనవేలు పైకొచ్చింది అన్నాను. వదిన చూపుకి మాడి మసైపోవాల్సిందే. అమ్మ కళ్ళు మూసుకుంది. పిల్ల ఏడుస్తుందనుకున్నాను, నాకే ఏడుపొచ్చింది. పిచ్చుక మాత్రం అవునంది. వేలికి గాలి తగిలిందట, తనకీ తెలుసట. అన్నయ్య మళ్ళీ ప్రార్థన చెప్పగానే ముక్కు మూసుకుని తనే వెనక్కి వాలింది. ఈసారి అన్నయ్య దాని పాదాల మీద తన పాదం వేసి నొక్కిపట్టాడు. పూర్తిగా మునిగింది. తలూపాను. ఎన్నాళ్ళ తర్వాతో ఆ భవనంలో నేను మనస్ఫూర్తిగా చెప్పిన అవును అది.

మే 26, ఆదివారం

చర్చిలో అమ్మ కనపడ్డవాళ్ళందరికీ నా కళ్ళ గొప్ప చెప్పుకుంది. వచ్చే ఆదివారం మా అమ్మాయి సాక్ష్యం చెప్తుందని కూడా చెప్పేసింది. ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతుంటే ఇక దాచలేకపోయాను. నాకు తెలియదమ్మా అన్నాను. ఎప్పటినుంచి అని అడిగింది. ఏడాది అన్నాను. చేతిలో ఉన్న తువ్వాలునే విప్పి మడతపెట్టింది, విప్పి మడతపెట్టింది.

మే 28

అమ్మ మాట్లాడటం లేదు.

మే 31, శుక్రవారం

అంట్లు తోముతుంటే వచ్చి పక్కన నిలబడింది. నమ్మకం లేనిదానివి పిల్లని రెండోసారి ఎందుకు ముంచించావని అడిగింది. అది దాని బాప్తిస్మం, దానికి సరిగ్గా జరగాలి కదా అన్నాను. కడిగిన గిన్నె ఒకటి అందుకుని తుడిచింది. చర్చికి రావడం మానేస్తావా అంది. మాననన్నాను. ఆ పాటలు ఇష్టం, మీరు ఇష్టం, ఎప్పటికైనా తెలుస్తుందేమోనని ఆశ కూడా ఉంది అన్నాను. ఆ ముక్కే మైకులో చెప్పి ఏడవచ్చుగా అంది. కుళాయి కట్టెయ్యకుండా మాట్లాడుతున్నానని తిట్టి వెళ్ళిపోయింది.

ఐదు రోజుల తర్వాత తిట్టింది. ప్రాణం లేచొచ్చింది.

జూన్ 2, ఆదివారం

లేచాను. నాకు తెలియదు, ఆశ ఉంది, వస్తూనే ఉంటాను అన్నాను. ఆమెన్ అన్నాను. ఎప్పుడూ హాలంతా తిరిగి ఆమెన్ అంటుంది, ఇవాళ ఎవరూ అనలేదు.

తర్వాత ఒక్క గొంతు ఆమెన్ అంది, గట్టిగా, కోపంగా. అమ్మది.