హవిషను తీసుకెళ్లమని

మామయ్యగారికి నమస్కారం. విడాకులయ్యాక కూడా ఇలా పిలవచ్చో లేదో తెలియదు. వేరే పిలుపు నోటికి రావడం లేదు.

హవిష నా దగ్గరే ఉండాలని కోర్టు ఆర్డరిచ్చింది. దానికోసం మీ భావనతో ఎంత పోరాడానో మీరు చూశారు. ఇప్పుడా ఆర్డరు మార్చమని భావననే పిటిషన్ వేయమనండి. నేను అడ్డు చెప్పను.

నాకు ఫిట్స్ వస్తున్నాయి. పోయిన నెల ఇక్కడి సాకేత్ మెట్రో స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద పడిపోయాను. ఎనిమిదేళ్ల పిల్ల నా చొక్కా పట్టుకుని, "అంకుల్, పాపా కో పకడో" అని, నాన్నను పట్టుకోమని వచ్చేపోయేవాళ్లను బతిమాలిందట. మళ్లీ రావచ్చన్నారు డాక్టరు.

అప్పటినుంచి అది నన్ను వదలడం లేదు. నేను స్నానానికి వెళ్తే, "పాపా, దర్వాజా బంద్ మత్ కర్నా" అని తలుపు మూయనివ్వకుండా బయటే కూర్చుంటుంది. నీళ్ల చప్పుడు ఆగితే పిలుస్తుంది. పలకడం ఆలస్యమైతే ఏడుస్తుంది. కిందికెళ్లి ఆడుకోమన్నా కదలదు.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు పడిపోతే అదేం చేస్తుంది మామయ్యగారూ? ఫోన్ చేద్దామంటే పక్కనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను. దానికింకా ఏమీ చెప్పలేదు. చెబితే, నన్ను తను సరిగా చూసుకోలేదని పంపించేస్తున్నాననుకుంటుంది.

ఇట్లు,
హవిష నాన్న